పధ్నాలుగు అడ్డం

‘ఏటిగట్టు’ వారపత్రిక గురువారం వస్తుంది. అంబాజీపేట సెంటర్లో బస్సు దింపిన కట్టలోంచి భవానీదేవి తన కాపీ తానే లాక్కుంటుంది. ఎవరో తెచ్చి గుమ్మంలో పడేసేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. కొట్టు షట్టరు సగం ఎత్తి, పికో మిషన్ మీద కప్పిన గుడ్డ లాగి, ఆ గుడ్డతోనే స్టూలు దులిపి కూర్చుంటుంది. మొదటి పేజీలో ఎవరు ఎవరికి శాలువా కప్పారో ఆమెకు అనవసరం. తిన్నగా ఆఖరి పేజీకి పోతుంది. నుడికట్టు అక్కడ ఉంటుంది.

అడ్డంగా కొన్ని గళ్ళు, నిలువుగా కొన్ని గళ్ళు, గడికో అక్షరం. పక్కన ఆధారాలు. ఆధారం పైకి ఒక మాట చెబుతుంది, లోపల ఇంకో మాట దాచుకుంటుంది. ఆ లోపలి మాటని పట్టుకుని బయటికి ఈడ్చాలి. అంతే ఆట.

మూడు అడ్డం. ‘రమ్మన్నారు, జోకొట్టారు, బహువచనం చేశారు, మనకి దగ్గర ఊరే.’ రా, జో, లు. రాజోలు. ఆమె పెన్సిలు వాడదు, పెన్నుతోనే రాస్తుంది. ఏడు నిలువు. ‘తలకింద పెట్టుకునేదానికి కొమ్ము విరిచి గుడి కడితే పడవలు ఆగే ఊరు.’ తలకింద పెట్టుకునేది దిండు. డుకి ఉన్న కొమ్ము తీసేసి గుడి పెడితే దిండి. ఈ నుడికట్టు కట్టే బాబూరావు మాస్టారికి గుణింతం గుర్తులంటే పిచ్చి. ఆయన గుడి అన్నాడంటే దేవుడున్న గుడి కాదు, కి, గి, చి అక్షరాల నెత్తిన కూర్చునే చుట్ట. కొమ్ము అన్నాడంటే ఎద్దుది కాదు, కు, గు, చు అక్షరాల పక్కన వేలాడేది. ఎప్పణ్ణుంచో విప్పుతున్నవాళ్ళకి ఆయన చెయ్యి తెలుసు.

మధ్యలో ఒక చీర పని. ఆకుపచ్చ సిల్కు, పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తామన్నారు. అంచు సూది కిందికి తోసి మిషన్ తొక్కింది. దారం తెగింది. మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ తెగింది. “వెధవ దారం,” అని బాబిన్ ఊడదీసి, చిక్కు తెంపి, కొత్తగా చుట్టి పెట్టింది. ఈసారి పికో కొసదాకా నడిచింది. చీర మడిచి పక్కన పెట్టి పేపరు మళ్ళీ ముందుకు లాక్కుంది.

పధ్నాలుగు అడ్డం ఒక్కటే మిగిలింది. అందులోనూ మూడింట రెండు గళ్ళు నిండిపోయి ఉన్నాయి. నిలువులో వెన్నెల పడింది కాబట్టి మొదటి గడిలో వె, వరద పడింది కాబట్టి చివరి గడిలో వ. మధ్యలో ఒక్కటి ఖాళీ. ఆధారం చదివింది. ‘మొగుడు పోయినామెకి గుడి తీసి ఎత్వమిస్తే పనికిమాలినవాడు.’

ఆలోచించే పనేమీ లేదు. మొగుడు పోయినామె విధవ. వికి గుడి తీసి ఎత్వమిస్తే వె. ఇందాక తన నోట్లోంచి దారం మీదికి పోయిన మాటే.

పెన్ను ఆ ఖాళీ గడి మీదికి వెళ్ళింది. ద రాసి అడుగున చిన్న గీటు గీస్తే అయిపోతుంది. పెన్ను కాగితానికి ఆనలేదు. ఆమె భర్త పోయి మూడో ఏడు. ఆ మాట ఇంతవరకూ ఆమె ముఖాన ఎవరూ అనలేదు. అంత మర్యాదస్తులు ఈ సీమలో. ఆమె గుమ్మం దాటాక అనుకున్నారు, ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు దాన్ని తన చేత్తో తనే రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వాలన్నమాట.

పెన్నుకి మూత పెట్టేసింది.

మామూలు వారమైతే ఒక గడి పోతే పోయింది. ఇది ఉగాది ముందు ఆఖరి నుడికట్టు. బాబూరావు మాస్టారికి చూపు మసకేస్తోంది, కొత్త ఏడాది నుంచి కట్టలేనన్నారు. ఏడాది పొడుగునా తప్పుల్లేకుండా విప్పినవాళ్ళలో ముందున్నవాళ్ళకి ఆ పని అప్పగిస్తామని పత్రికలో వేశారు. ఇప్పటికి ముందున్నది ఇద్దరే, సమానంగా. ఒకరు భవానీదేవి. రెండోవాడు ఇదే వీధిలో కొబ్బరి కమీషన్ దుకాణంలో గుమాస్తా లోవరాజు.

ఒకరు వేసిన ముడి విప్పడం ఆమెకి ఇక చాలు. తను ముడి వెయ్యాలి, ఊళ్ళవాళ్ళు తలలు గోక్కోవాలి. చీరకి ఫాల్ కుడుతున్నంతసేపూ ఆమె బుర్రలో ఆధారాలు నడుస్తూనే ఉంటాయి. ఆ గళ్ళ కింద ‘కూర్పు’ అని ఉండి, దాని పక్కన తన పేరుండాలి. ఆమెకి కావలసింది అదొక్కటే. దానికీ ఆమెకీ మధ్య ఇప్పుడు ఒక్క ధ అడ్డం.

మధ్యాహ్నం చిన్నమ్మలు వచ్చింది. వెనక వీధి మనిషి, వరసకి ఏమీ కాకపోయినా అందరికీ పిన్నిగారే.

“భవానమ్మా, నా చీర అయిందేటమ్మా?”

“అయిందండి పిన్నిగారూ. ఫాల్ గుడ్డ పొట్టిది ఇచ్చేరు మీరు. కుచ్చిళ్ళ దాకా వచ్చేలా సరిపెట్టేను.”

“ఏం చెయ్యమంటావు, మా వెధవ చేత తెప్పించేను. పొడుగు చూసి తెమ్మంటే వింటాడా? పొద్దున్నుంచి ఫోను చేస్తన్నాను, ఎత్తి చావడు వెధవ.”

భవానీదేవి చీర మడుస్తున్న చేతులు ఆపలేదు. అంచుకి అంచు కలిపి, అరచేత్తో అణిచింది.

“ఎవరండీ?”

“ఇంకెవరు, మా పెద్దాడే.”

“పెద్దాడికి పెళ్ళాం ఉంది కదండీ. నిక్షేపంలా ఉంది. మొన్న కూడా వచ్చింది.”

చిన్నమ్మలుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నాలిక్కరుచుకుంది. “అయ్యో తల్లీ, నిన్ననలేదమ్మా.”

“తెలుసండి. వాణ్ణే అన్నారు. నా పేరుతో.”

చిన్నమ్మలు చీర సంచిలో కుక్కుకుంది. “మాటమాటకీ ఇంత లోతు తవ్వితే ఎలాగమ్మా. నోరనేది తిరగాలా వద్దా?” అంటూ మెట్లు దిగింది.

నోరు తిరగడం నిజమే. పొద్దున్న తన నోరూ అలాగే తిరిగింది. భవానీదేవి బాబిన్ వైపు చూసింది. అది తన పని తను చేసుకుంటోంది. ఇకనుంచి దాన్ని తిట్టాలంటే వేరే మాట వెతుక్కోవాలి. సాయంత్రానికి మూడు దొరికాయి. దరిద్రపు దారం, దిక్కుమాలిన దారం, చచ్చు దారం. ఒక్కటి మానేస్తే నోరేమీ మూతపడలేదు.

శుక్రవారం సాయంత్రం లోవరాజు కొట్టుకి వచ్చాడు. జుట్టులో కొబ్బరి పీచు, చొక్కా భుజాల మీద దుమ్ము. ఎదురుగా యార్డులో ఒరిస్సా వెళ్ళే లారీకి కాయలు ఎగుమతి అవుతున్నాయి, ఆ చప్పుడు మీద గట్టిగా మాట్లాడటం అతనికి అలవాటు. ప్రతి వారమూ జవాబులు దిద్దే ఆదివారం సభకి వెళ్ళేముందు ఇద్దరూ ఒకసారి కాగితాలు చూసుకుంటారు. జవాబులు చెప్పుకోరు. అయ్యాయా లేదా అంతే. అయినవాటి మీద మాత్రం మాట్లాడుకుంటారు.

“భవానిగారండీ, నగరం విప్పేరా? ‘పల్లెటూరే, పేరు మాత్రం పట్నం.’ నవ్వాగలేదండి నాకు. మా అత్తారిది ఆ ఊరే. భూమిలో గ్యాసు గొట్టాలు, పైన కొబ్బరిచెట్లు, మధ్యలో మా మావగారు. పట్నమంట.”

“అది చదవంగానే మీరే గుర్తొచ్చేరండి.”

“ఆయ్, అల్లుణ్ణి కదండీ.” అతను చెక్క బల్ల మీద కూర్చుని ఆమె కాగితం అందుకున్నాడు. వేలితో వరసలు తడుముతూ వచ్చి మధ్యలో ఆగాడు. “ఇదేంటండీ, పధ్నాలుగులో ఒక గడి వదిలేసేరు.”

“వదిలేసేను.”

“మీకు తట్టలేదా?”

“తట్టింది. రాయను.”

లోవరాజు కాగితం దూరంగా పట్టుకుని ఇంకోసారి చూశాడు. ఆధారం చదువుకున్నాడు. చదివినట్టు పెదవులు కదిలాయి. తర్వాత ఆమె మెడ వైపు చూసి, వెంటనే లారీ వైపు చూశాడు.

“మాటే కదండీ. ధ ఏం పాపం చేసింది చెప్పండి? ధనంలో ఉంది, ధైర్యంలో ఉంది.”

“ఆ రెండూ రాయమంటే రాస్తానండి.”

“రాయకపోతే కూర్పు నాకొచ్చేస్తది.”

“తీసుకోండి.”

“అలా నాకెందుకండీ. గెలిచినట్టే ఉండదు.”

“అయితే మీరూ రాయకండి.”

అతను చొక్కా భుజం మీది పీచు ఒక్కొక్కటే ఏరి కింద పడేశాడు. “నాకూ ఉందండి ఆశ,” అన్నాడు చివరికి. “మా ఓనరు నన్ను ఏవండీ అని పిలవడు. ఒరే అనే పిలుస్తాడు. నా పేరు అచ్చులో చూపిస్తే ఏమంటాడో చూద్దామని.”

“ఉండాలి. తప్పేముంది? మీరు రాసింది మీరు ఇవ్వండి. నేను రాసింది నేను ఇస్తాను.”

“ఒక్క అక్షరానికండీ.”

“ఆ ఒక్క అక్షరం మీది కాదు కాబట్టి మీకు తేలిగ్గా ఉందండి,” అంది భవానీదేవి. కోపంగా అనలేదు. చేతిలో ఫాల్ ఉంది, చీర అంచు లోపల సూది కనపడీ కనపడకుండా నడుస్తోంది. పైనుంచి చూస్తే కుట్టు కనిపించకూడదు, అదీ ఆ పనిలో నేర్పు. లోవరాజు ఆ సూదినే చూస్తూ కాసేపు కూర్చుని, లారీవాడు కేకేస్తే లేచి వెళ్ళాడు.

శనివారం ఆమె కొట్టు మధ్యాహ్నానికే కట్టేసి అమలాపురం బస్సెక్కింది.

బాబూరావు మాస్టారు వసారాలో కూర్చుని, భూతద్దంతో ఒక గళ్ళ కాగితం మీద వంగి ఉన్నాడు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాటనడు. ఆమెని చూడగానే భూతద్దం పక్కన పెట్టి కుర్చీ చూపించాడు.

“ఆయ్, రామ్మా భవానీ. కాఫీ తాగుతావా?”

“తర్వాత తాగుతానండి. పధ్నాలుగు అడ్డం తీసేయించడానికి వచ్చేను.”

“అచ్చయిపోయింది కదమ్మా.”

“రేపు సభలో రద్దని చెప్పండి చాలు. దానికి లెక్క లేదని చెప్పండి.”

మాస్టారు పేపరు తెప్పించుకుని అక్కడ వేలు పెట్టాడు. “తప్పుందా ఇందులో? గుడి తీస్తే వ. ఎత్వమిస్తే వె. అతుకు కనపడుతోందా ఎక్కడైనా?”

“లేదండి. బ్రహ్మాండంగా కట్టేరు. నా బాధ అదే. చచ్చు ఆధారమైతే వదిలేద్దును.”

“నిఘంటువులో ఉన్న మాటమ్మా.”

“నిఘంటువు నన్ను పేరంటానికి పిలవక్కర్లేదండి. ఊళ్ళోవాళ్ళు పిలవాలి.”

ఆయన కాస్త ఇబ్బందిగా సర్దుకుని కూర్చున్నాడు. “నిన్నేమీ అనలేదు కదా. పనికిమాలినవాడు అన్నాను. మగాణ్ణే అన్నాను.”

“పనికిమాలిన మగాణ్ణి తిట్టడానికి మగాడి మాట ఒక్కటీ దొరకలేదాండి మీకు? మొగుడు పోయిన ఆడదాని ఇంటికొచ్చి ఎరువు తెచ్చుకోవాలా?”

“నువ్వెప్పుడూ అనలేదా ఆ మాట?”

“అన్నానండి. గురువారం పొద్దున్న కూడా దారాన్ని అన్నాను. మధ్యాహ్నం నుంచి మానేశాను.”

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకముందే పంతం కూడా వచ్చింది. “ఇవాళ నువ్వొచ్చేవు. రేపు ఇంకొకరొచ్చి గుడ్డి అనొద్దంటారు. ఎల్లుండి ఇంకొకరొచ్చి కుంటి అనొద్దంటారు. ఇక గళ్ళన్నీ ఖాళీగా అచ్చేసుకోవాలి.”

“రానివ్వండి. తెలుగులో మాటలు అంత తక్కువున్నాయేంటండి?”

లోపల్నుంచి కాఫీ వచ్చింది. ఇద్దరూ తాగారు. గ్లాసు కింద పెడుతూ మాస్టారు గొంతు మార్చాడు. క్లాసులో ఆఖరి మాట చెప్పేటప్పటి గొంతు. “చూడమ్మా. నీ బుర్ర మంచిది. నీకే రావాలని నాకూ ఉంది. కానీ రూలు రూలే. ఖాళీ గడి తప్పు గడి. ఒక్క అక్షరం కోసం ఏడాది పని గోదాట్లో కలుపుకోకు. నీకు ఇబ్బందిగా ఉంటే సభకి రాకు, కాగితం ఎవరిచేతైనా పంపించు. నేను చూసుకుంటాను.”

ఆమె లేచింది. “వస్తానండి. ముందు వరసలో కూర్చుంటాను.”

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. మొగుడు పోయాక మూడేళ్ళలో మొదటిసారి ఆ మాటని ఆమె తనంతట తాను ఎదురుగా పెట్టుకుంది. విధవ. కొత్త గుడ్డని బల్ల మీద పరిచి చూసినట్టు చూసింది. గుడి తీసి చూసింది. దీర్ఘమిచ్చి చూసింది. చివరి అక్షరం చెరిపి చూసింది. మొదట్లో మాట తేలులా ఉంది. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాక అక్షరాల్లా ఉంది. బండారులంక దాటేసరికి ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది. పక్కనున్నామె “ఏంటండీ?” అంది. “ఏం లేదండి,” అంది భవానీదేవి.

నుడికట్టు సభ అంటే పెద్దదేమీ కాదు. ప్రెస్సు మేడ మీద ఒక గది, ప్లాస్టిక్ కుర్చీలు, కింద ఆగి ఉన్న మిషన్ల సిరా వాసన. ఆఖరి సభ కావడంతో ఆ ఆదివారం గది నిండింది. భవానీదేవి చెప్పినట్టే ముందు వరసలో, బల్లకి ఎదురుగా కూర్చుంది.

కాగితాలు దిద్దే పని మణికంఠది. బ్యాంకులో పనిచేస్తాడు, కుర్రాళ్ళలో గట్టివాడు, నోరు కాస్త దూకుడు. దిద్దేసి లేచాడు. “లోవరాజుగారిది అంతా కరెక్టండి. భవానీదేవిగారిది ఒక్క గడి ఖాళీ. పధ్నాలుగు అడ్డం.” తర్వాత ఊరుకోలేక, “అన్నిట్లోకీ అదే తేలికండి అసలు,” అన్నాడు.

వెనక ఎవరో అయ్యో అన్నారు. భవానీదేవి కదల్లేదు.

ఇంకొక్క తతంగం ఉంది. విడదీయడం. జవాబులు వాట్సాప్‌లో తిరుగుతున్నాయని తెలిశాక మాస్టారే పెట్టిన నియమం అది. గెలిచినవాళ్ళు లేచి నిలబడి ప్రతి ఆధారమూ చదవాలి, జవాబు చెప్పాలి, అది ఎలా వచ్చిందో ముక్క ముక్కగా విప్పాలి. విప్పలేని జవాబు ఎవరిదో చూసి రాసిన జవాబు. కొట్టేస్తారు.

లోవరాజు లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జుట్టుకి నూనె రాసుకున్నాడు. మొదట్లో హుషారుగా నడిచింది. రాజోలు చెప్పాడు. దిండి చెప్పాడు. నగరం దగ్గర మావగారి మాట చెప్పి అందర్నీ నవ్వించాడు. “పదమూడు అడ్డం. ‘రమ అడ్డం తిరిగితే యంత్రమే.’ రమని తిరగేస్తే మర.” కాగితం మీద వేలు కిందికి జరిగింది.

“పధ్నాలుగు అడ్డం,” అన్నాడు.

తల ఎత్తాడు. ఎదురుగా భవానీదేవి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తిన్నగా అతన్నే చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. వినడానికి వచ్చిన మనిషి వింటున్నట్టు ఉంది.

“చదవండి,” అన్నాడు మాస్టారు.

“‘మొగుడు పోయినామెకి గుడి తీసి...’” గొంతు కిందికి పోయింది. దగ్గాడు. ఆఖరిదాకా చదివాడు.

“జవాబు?”

“రాశానండి, కాగితంలో ఉంది.”

“చెప్పాలి కదండీ.”

లోవరాజు కాగితాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “పదిహేను అడ్డం...”

“పధ్నాలుగు అవలేదు.”

“నోరు రావట్లేదండి.”

వెనక వరసలో కిసుక్కున నవ్వు. మణికంఠ విసుగ్గా లేచాడు. “ఇంతోటిదానికి ఏంటండీ, నేను చెప్తాను. వెధ...”

భవానీదేవి కుర్చీలో వెనక్కి తిరిగింది. మిగిలిన ఒక్క అక్షరం అతని పళ్ళ దగ్గరే ఆగిపోయింది.

“ఆగేరేంటండీ,” అంది. “ఇంకొక్కటే అక్షరం. చెప్పేశాక విడదీయాలి కూడా. ఎవరికి గుడి తీశారో నా ముఖం చూసి చెప్పాలి. చెప్పండి, నేను వింటాను.”

మణికంఠ నిలబడ్డాడు. ఎటు చూడాలో తెలియక ఫ్యాను వైపు చూశాడు. కూర్చున్నాడు.

ఇంట్లో ఒక్కళ్ళే కూర్చుని పెన్నుతో అందరూ రాసినదే. ఆ గదిలో ఆ మాట తెలియనివాడు లేడు, రోజుకి నాలుగుసార్లు వాడనివాడూ లేడు. ఆ మాట పుట్టిన మనిషి ఎదురుగా కూర్చునేసరికి ఒక్కడికీ నోరు పెగల్లేదు.

మాస్టారు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. ఆయన అందరి పక్షానా మాట్లాడే మనిషి, కానీ తను పెట్టిన నియమాన్ని తను మింగే మనిషి కాదు.

“విడదీయనిది లెక్కలోకి రాదు,” అన్నాడు. “లోవరాజుగారి పధ్నాలుగు కూడా పోయినట్టే. ఇద్దరూ సమానం. చీట్లు వేద్దాం.”

“చీట్లొద్దు మాస్టారూ.” భవానీదేవి లేచింది. “ఇది ఆడేవాళ్ళని చూసే పని కాదు, కట్టేవాళ్ళని చూసే పని. నేనొక ఆధారం కట్టేను. వినండి. పస లేదనిపిస్తే కూర్పు లోవరాజుగారికే ఇచ్చెయ్యండి.”

“నాకు సమ్మతమేనండి,” అన్నాడు లోవరాజు. ఎప్పుడు కూర్చుందామా అని ఉంది అతనికి.

ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “‘విధవకి గుడి లేకపోతే పీడా పోయె, రెండు కొమ్ములొస్తే పెళ్ళికూతురే.’ మూడు గళ్ళు.”

గదిలో ఎవరూ అనలేని మాట ఆమే అనేసింది. అదీ వడ్డించినంత మామూలుగా. ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తర్వాత ఆట ఆడేవాళ్ళకి ఉండే జబ్బు మొదలైంది. ఒకాయన అరచేతిలో వేలితో రాసుకున్నాడు. ఇంకొకామె కళ్ళు మూసుకుని గొణిగింది. లోవరాజు తొడ మీద గీస్తున్నాడు. మణికంఠ పెన్ను తీశాడు. మాస్టారు వేలు బల్ల మీద గుడ్డ పైన తిరుగుతోంది. ఒకటి చెరిపింది. ఒకటి తగిలించింది. ఇంకొకటి తగిలించింది. ఆగింది.

“వధువు,” అన్నాడు. అనాలనుకుని అన్నట్టు లేదు.

“విడదీయండి మాస్టారూ,” అంది భవానీదేవి.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. చూడక తప్పలేదు. “విధవ,” అన్నాడు నెమ్మదిగా. “వికి గుడి తీస్తే వ. ధకి ఒక కొమ్ము. ధు. వకి ఒక కొమ్ము. వు.” వేలు గుడ్డ మీద మళ్ళీ ఒకసారి అదే దారిలో నడిచింది. “వ, ధు, వు.”

ఎవరో “అబ్బ” అన్నారు. ఎవరో నవ్వారు, ఇందాకటి నవ్వు కాదు.

మాస్టారు నవ్వలేదు. “ఎంతకాలంగా కడుతున్నానో నాకే గుర్తులేదు,” అన్నాడు. “ఆ మూడక్షరాలు పట్టుకున్నాక నాకు ఎత్వమే కనపడిందమ్మా. కొమ్ములు కనపడలేదు.”

“ఆ మాటలో ఉండేవాళ్ళకి తెలుస్తాయండి,” అంది ఆమె.

ఆయన బల్ల సొరుగులోంచి గళ్ళ కాగితాల కట్ట తీశాడు. దానిమీద భూతద్దం ఉంటే పక్కకి జరిపాడు. కట్ట ఆమె వైపు తోసి, “బుధవారం పొద్దున్నకి ప్రెస్సుకి అందాలి,” అన్నాడు. “పధ్నాలుగు అడ్డం రద్దని వచ్చేవారం నేనే రాస్తాను. ఎందుకు రద్దో కూడా రాస్తాను.”

జనం లేచి టీ గ్లాసుల వైపు నడిచారు. లోవరాజు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. ముఖంలో ఓడిపోయిన దిగులు ఉంది, దాచుకోలేదు.

“మీరు వెనకాల కూర్చుని ఉంటే చెప్పేసేవాణ్ణండి.”

“తెలుసండి. అందుకే ముందు కూర్చున్నాను.”

“అమ్మో,” అన్నాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, “అయితే ఏవండీ, పెళ్ళికూతురన్నారు. అంటే మీరు మళ్ళీ...”

“ఏంటండీ?”

“ఏం లేదండి.”

“అది గళ్ళలో పెళ్ళండి లోవరాజుగారూ. నాకు కావలసింది కొమ్ములు.”

అతను పక్కకి తిరిగి నవ్వాడు. “మొదటి వారం ఆ కొమ్ములదే వేస్తారా?”

“అది అందరూ వినేశారు కదా. కొత్తది కడతాను. మీరు గురువారం రాత్రి దాకా జుట్టు పీక్కోవాలి.”

“చూద్దాం లెండి,” అన్నాడు లోవరాజు. ఆ మాటతో దిగులు సగం పోయింది అతనికి.

బల్ల దగ్గర మణికంఠ పత్రికలో వెయ్యవలసిన ప్రకటన రాస్తున్నాడు. ఇందాకటి దూకుడు లేదు. రెండు వాక్యాలు రాసి పెన్ను ఆపాడు. ఆమె వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు.

“ఏవండీ, కూర్పు అని వేసి, పేరు ముందు ఏం పెట్టమంటారండి? శ్రీమతి అనొచ్చా, లేకపోతే మరి...” మాట మింగేశాడు.

భవానీదేవి గళ్ళ కాగితాలు సంచిలో పెట్టుకుంటోంది. మూలలు మడతపడకుండా సర్ది, జిప్పు లాగింది.

“ముందేమీ వద్దండి. భవానీదేవి. అయిదు గళ్ళు, అయిదూ నింపండి.”